తెగిన ఆలోచనను ముడివేయడం: సాఫ్ట్‌వేర్ పనిలో ఏకాగ్రత వెనుక ఉన్న శాస్త్రం

"పొద్దుటి నుంచి కుర్చీలోంచి లేవలేదు. అయినా పని మాత్రం ముందుకు కదల్లేదు." హైదరాబాదులోనైనా, బెంగళూరులోనైనా సాఫ్ట్‌వేర్ రాసేవారిని కదిలిస్తే వినిపించే మాట ఇది. ఇంట్లోవాళ్లకు ఇది వింతగా తోస్తుంది. పదిగంటలు కంప్యూటరు ముందు కూర్చున్న మనిషి పని ఎందుకు కాలేదంటాడు? పై అధికారికి అది బద్ధకంలా కనిపించవచ్చు. చివరికి ఆ ఉద్యోగి కూడా లోపం తనలోనే ఉందనుకుని రాత్రి ఇంకో రెండు గంటలు కూర్చుంటాడు.

లోపం తరచుగా మనిషిలో ఉండదు, పని జరిగే తీరులో ఉంటుంది. మెదడు ఒకేసారి ఎంత మోయగలదు, మోస్తున్నది జారిపడితే మళ్లీ ఎత్తుకోవడానికి ఎంతసేపు పడుతుంది, నిద్ర చాలకపోతే ఏమవుతుంది అనే ప్రశ్నలపై మనస్తత్వ శాస్త్రవేత్తలు, కంప్యూటర్ శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా పరిశోధనలు చేస్తున్నారు. వాటి నుంచి కొన్ని పని పద్ధతులు తేలాయి. ఆ పద్ధతులేమిటో, ప్రతిదాని వెనుక ఉన్న కారణమేమిటో ఈ వ్యాసంలో చూద్దాం. ఉదాహరణలు సాఫ్ట్‌వేర్‌వే అయినా, లెక్కలు రాసేవారికి, పరీక్షలకు చదివేవారికి, పరిశోధకులకు కూడా ఇవి పనికొస్తాయి.

ప్రోగ్రామరు తలలో ఏముంటుంది?

ఒక చిన్న ఉదాహరణ తీసుకుందాం. కరెంటు బిల్లు వేసే ప్రోగ్రాం ఒకటి ఉందనుకోండి. నెలకు 100 యూనిట్ల వరకు వాడినవారికి స్థిర రుసుము 30 రూపాయలు, అంతకు మించితే 60 రూపాయలు అనేది నియమం. (ఇవి ఉదాహరణ కోసం అనుకున్న అంకెలు మాత్రమే.) సరిగ్గా 100 యూనిట్లు వాడిన ఒక ఇంటికి 60 రూపాయలు పడిందని ఫిర్యాదు వచ్చింది. తప్పు ఎక్కడుంది?

దాన్ని వెతికే ప్రోగ్రామరు చాలా సంగతులను ఒకేసారి మనసులో పట్టుకోవాలి. మీటరు రీడింగు ఎక్కడి నుంచి వస్తోంది? దశాంశాలున్న అంకెను ఎక్కడ పూర్ణాంకంగా మారుస్తున్నారు? రుసుము నిర్ణయించే షరతు ఏ ఫైలులో ఉంది? అక్కడ "100 లేదా అంతకంటే తక్కువ" అని ఉందా, "100 కంటే తక్కువ" అని ఉందా? ఈ ముక్కలన్నీ కలిపి తలలో ఒక నమూనా కట్టుకుంటేనే తప్పు కనబడుతుంది. ఆ నమూనా తెరమీద ఉండదు, కాగితం మీదా ఉండదు. ఆ కాసేపూ మెదడులో మాత్రమే ఉంటుంది.

మెదడులో ఇలా తాత్కాలికంగా సంగతులను నిలిపి, వాటితో పనిచేసే సామర్థ్యాన్ని వర్కింగ్ మెమరీ అంటారు. ఇది చాలా ఇరుకైనది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ 1956లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో దీని పరిమితి ఏడు అంశాలని, రెండు అటూ ఇటూ కావచ్చని సూచించారు. తర్వాత నెల్సన్ కోవన్ 2001లో పాత ప్రయోగాలను సమీక్షించి, మనసులో వల్లె వేసుకోవడం వంటి ఉపాయాలు తీసేస్తే అసలు పరిమితి నాలుగు అంశాల దగ్గరే ఉంటుందని వాదించారు.

మరి వేల వరుసల ప్రోగ్రాములను మనుషులు ఎలా రాస్తున్నారు? ముక్కలను కట్టలు కట్టడం ద్వారా. పది అంకెల మొబైల్ నంబరును మనం అయిదు, అయిదుగా చెప్పుకుంటాం కదా, అదే ఉపాయం. 1973లో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ చదరంగం ఆటగాళ్లపై ప్రయోగాలు చేశారు. నిజమైన ఆటలోని బల్లను కొద్ది క్షణాలు చూపి దాచేస్తే, ఆరితేరిన ఆటగాడు పావుల స్థానాలను కొత్తవాడికంటే ఎంతో బాగా చెప్పగలిగాడు. పావులను అడ్డదిడ్డంగా పేరిస్తే ఆ ఆధిక్యం దాదాపు మాయమైంది. అంటే ఆరితేరినవాడి జ్ఞాపకశక్తి పెద్దదేమీ కాదు. అతడు ఒక్కొక్క పావును కాక, తనకు అలవాటైన అమరికలను చూస్తున్నాడు. అనుభవమున్న ప్రోగ్రామరు కూడా కోడును అలాగే చదువుతాడు. అందుకే అర్థమయ్యే పేర్లు, చిన్న చిన్న ఫంక్షన్లు, జట్టంతా ఒకే రాతపద్ధతి పాటించడం మెదడు మీది బరువును నేరుగా తగ్గిస్తాయి.

కోడు చదవడం భాష చదవడం లాంటిదేనా?

దీనికి జవాబు కోసం శాస్త్రవేత్తలు ప్రోగ్రామర్లను ఎఫ్ఎంఆర్ఐ యంత్రంలో పడుకోబెట్టి కోడు చూపించారు. జర్మనీకి చెందిన జానెట్ సీగ్‌మండ్ బృందం 2014లో ప్రచురించిన అధ్యయనంలో 17 మంది పాల్గొన్నారు. చిన్న కోడు ముక్కలను అర్థం చేసుకునేటప్పుడు వర్కింగ్ మెమరీ, ధ్యాస, భాషలకు సంబంధించిన ప్రాంతాలు చురుకుగా ఉన్నట్లు వారు గమనించారు.

2020లో ఎంఐటీకి చెందిన అన్నా ఇవనోవా, ఎవెలీనా ఫెడొరెంకో తదితరులు ఈ ప్రశ్నను మరింత సూక్ష్మంగా పరీక్షించారు. వాక్యాలు చదివేటప్పుడు పనిచేసే భాషా వ్యవస్థ కోడు విషయంలో పెద్దగా స్పందించలేదు. లెక్కలు, పొడుపు చిక్కుల వంటి కఠినమైన పనులన్నిటిలో పాల్గొనే వేరొక విస్తృత వ్యవస్థ మాత్రం గట్టిగా స్పందించింది. కాబట్టి కోడు చదవడాన్ని పత్రిక చదవడంతో పోల్చడం సరికాదు. ఆపకుండా ఒక లెక్క చేస్తూ ఉండటం అనుకోవచ్చు. లెక్క మధ్యలో ఎవరైనా పిలిస్తే ఏమవుతుందో మనకు తెలిసిందే.

అంతరాయం ఖరీదు

అమెరికాలోని జార్జియా టెక్‌కు చెందిన క్రిస్ పార్నిన్, స్పెన్సర్ రూగబర్ 86 మంది ప్రోగ్రామర్ల నుంచి నమోదైన సుమారు 10,000 పని విడతలను పరిశీలించి, మరో 414 మందిని ప్రశ్నించారు. 2011లో పత్రికలో వచ్చిన ఈ అధ్యయనం ప్రకారం, ఒక ఫంక్షన్‌ను మారుస్తుండగా అంతరాయం వస్తే, ఒక నిమిషంలోపే తిరిగి రాయడం మొదలుపెట్టిన సందర్భాలు పదింట ఒకటి మాత్రమే. మిగతా సమయమంతా ఎక్కడికి పోయింది? అక్కడా ఇక్కడా ఫైళ్లు తెరిచి చూడటం, పాత మార్పులను మళ్లీ చదవడం, చేయవలసిన పనుల పట్టికను వెతకడం. కూలిపోయిన నమూనాను తిరిగి కట్టుకునే శ్రమ అది.

రెండు నిమిషాల ఫోను నిజానికి రెండు నిమిషాలతో పోదని దీన్నిబట్టి అర్థమవుతుంది. దానికో తోక ఉంటుంది. ఈ తోకను సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో మరో కోణం నుంచి చూపించారు. ఒక పని పూర్తికాకుండానే మరో పనికి మారితే, ధ్యాసలో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుంది. పాత్ర కడిగినా అడుగున జిడ్డు మిగిలినట్లు, మనసులో పాత పని అవశేషం మిగులుతుంది. దాంతో కొత్త పనీ దెబ్బతింటుంది.

అయితే ప్రతి అంతరాయమూ చెడ్డదని తీర్మానించకూడదు. ఆండ్రే మేయర్, థామస్ ఫ్రిట్జ్ తదితరులు 2014లో 379 మంది డెవలపర్లను ప్రశ్నించారు. పెద్ద అంతరాయాలు లేకుండా ఎక్కువ పనులో, పెద్ద పనులో ముగించిన రోజునే ఫలవంతమైన రోజుగా వారు భావిస్తున్నట్లు తేలింది. కానీ అదే పరిశోధనలో 11 మందిని దగ్గరుండి గమనిస్తే, రోజంతా తరచుగా పనులు మారుతూ కూడా తాము బాగానే పనిచేశామని వారు చెప్పారు. ఒకే పనికి సంబంధించి పక్కవారిని అడిగే ప్రశ్న, ఆ పనినే ముందుకు నడపవచ్చు. కట్టుకున్న నమూనాను కూల్చేసేది వేరే విషయం మీద, ఊహించని సమయంలో వచ్చే పిలుపు. పైగా మన చేతిలో ఉన్న పాచికలు రెండు: అలాంటి పిలుపులను తగ్గించుకోవడం, వచ్చినా నష్టం తక్కువగా ఉండేలా ముందే ఏర్పాటు చేసుకోవడం. రెండోదే సులభం కనుక దానితో మొదలుపెడదాం.

మొదటి పద్ధతి: లేచేముందు ఒక వాక్యం

బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1927లో బెర్లిన్‌లో చేసిన ప్రయోగాలను ప్రచురించారు. పూర్తిచేసిన పనులకంటే మధ్యలో ఆపించిన పనులే మనుషులకు ఎక్కువగా గుర్తున్నాయని ఆమె గమనించారు. తర్వాతి ప్రయోగాలన్నింటిలోనూ ఈ ఫలితం ఒకేలా రాలేదు. కానీ అసంపూర్తి పనులు మనసును పీడిస్తాయన్న అనుభవం అందరికీ ఉన్నదే.

ఈ పీడ ఎలా తగ్గుతుంది? పని పూర్తిచేయడం ఒక్కటే దారి కాదని ఇ. జె. మాసికాంపో, రాయ్ బామీస్టర్ 2011లో చూపించారు. మిగిలిన పనిని ఎప్పుడు, ఎలా చేయాలో నిర్దిష్టంగా ప్రణాళిక వేసుకున్నవారిలో, ఆ పని తాలూకు ఆలోచనలు వేరే పనికి అడ్డురావడం తగ్గిపోయింది.

దీన్ని డెవలపరు ఇలా వాడుకోవచ్చు. ఎవరైనా పిలిచినప్పుడు, "ఒక్క నిమిషం" అని, కోడులో ఆగినచోటనే ఒక వాక్యం రాసి లేవాలి. మన కరెంటు బిల్లు ఉదాహరణలో ఆ వాక్యం ఇలా ఉండవచ్చు:

"100 యూనిట్లకు రుసుము తప్పు. రీడింగు సరిగ్గానే వస్తోంది, చూశాను. అనుమానం ఈ షరతు మీద. వచ్చాక 99, 100, 101లతో నడిపి చూడాలి."

ఈ నాలుగు ముక్కల్లో మూడు సంగతులున్నాయి. తేలిపోయింది ఏమిటి, అనుమానం దేనిమీద, తర్వాతి అడుగు ఏమిటి. "బిల్లు సమస్య చూడాలి" అని మాత్రమే రాస్తే ఉపయోగం లేదు. తిరిగి వచ్చేసరికి రీడింగును మళ్లీ మొదటినుంచి తనిఖీ చేస్తారు. ఎరిక్ ఆల్ట్‌మన్, గ్రెగరీ ట్రాఫ్టన్ 2002లో ప్రతిపాదించిన సిద్ధాంతం కూడా ఇదే చెబుతుంది. ఆగిపోయిన లక్ష్యాన్ని మెదడు తిరిగి అందుకోవాలంటే దానికో సూచిక కావాలి, ఆ సూచికను ఆగే క్షణంలోనే కట్టిపెట్టుకోవాలి.

సాయంత్రం ఇంటికి వెళ్లేముందు కూడా ఇదే చేయవచ్చు. కెంట్ బెక్ అనే ప్రసిద్ధ ప్రోగ్రామరు ఒక చక్కని చిట్కా చెప్పారు. ఒంటరిగా పనిచేసేటప్పుడు, రోజు ముగిసేసరికి ఒక పరీక్షను కావాలనే విఫలమయ్యే స్థితిలో వదిలిపెట్టాలి. మరునాడు కంప్యూటరు తెరవగానే ఆ ఎర్రని గుర్తే, ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది. జట్టుతో పంచుకునే కోడును మాత్రం అలా వదలకూడదు, అక్కడ పరీక్షలన్నీ నెగ్గాకే ఆపాలని కూడా ఆయన హెచ్చరించారు.

రెండో పద్ధతి: చిన్న అడుగులు, గట్టి మెట్లు

పైన "99, 100, 101లతో నడిపి చూడాలి" అన్నాం. ఆ పనిని ప్రోగ్రామరు ప్రతిసారీ చేత్తో చేయనక్కర్లేదు. 99కి 30, 100కి 30, 101కి 60 రావాలని ఒక చిన్న పరీక్ష రాసిపెడితే, కంప్యూటరే ప్రతి మార్పు తర్వాతా సరిచూస్తుంది. ముందు పరీక్ష రాసి, అది విఫలమవడం చూసి, తర్వాత దాన్ని నెగ్గించేంత కోడు మాత్రమే రాసి, ఆపైన కోడును శుభ్రం చేసే పద్ధతి కెంట్ బెక్ వల్ల బాగా ప్రచారంలోకి వచ్చింది. గుర్తుపెట్టుకునే భారాన్ని మెదడు నుంచి యంత్రానికి మార్చడం దీని అసలు ప్రయోజనం. వంద యూనిట్ల సంగతి ఇక మీరు గుర్తుంచుకోనక్కర్లేదు. ఆరు నెలల తర్వాత కొత్తగా చేరినవారు ఆ షరతును చెడగొట్టినా పరీక్ష పట్టుకుంటుంది.

రెండో మెట్టు, చేసిన మార్పులను చిన్న చిన్న మజిలీలుగా భద్రపరచడం. లీనస్ టోర్వాల్డ్స్ 2005లో రూపొందించిన గిట్ అనే సాధనం నేడు ఇందుకు ప్రపంచమంతటా వాడుకలో ఉంది. ఒక్కో చిన్న మార్పును ఒక్కో కమిట్‌గా, ఎందుకు చేశారో చెప్పే వాక్యంతో దాచుకుంటే రెండు లాభాలు. తప్పు చేస్తే ఒక్క మెట్టు వెనక్కి దిగితే చాలు. తప్పు ఎప్పుడు చొరబడిందో తెలియకపోయినా, వెతకడం తేలిక.

ఆ వెతుకులాటలో ఉన్న గణితం ముచ్చటైనది. నిఘంటువులో ఒక మాట కోసం మొదటి పుటనుంచి తిరగేయం కదా, నడిమికి తెరిచి, మాట ముందుందో వెనకుందో చూసి, సగాన్ని వదిలేస్తాం. గిట్ బైసెక్ట్ అనే ఆదేశం చేసేది అదే. గత నెల బాగున్న ప్రోగ్రాం ఈరోజు తప్పు లెక్క వేస్తోంది, మధ్యలో 1000 మార్పులు జరిగాయి అనుకోండి. ఒక్కొక్కటీ చూస్తే వెయ్యి పరీక్షలు కావాలి. ప్రతిసారీ సగం వదిలేసుకుంటూ పోతే పది పరీక్షలతో దోషి దొరుకుతుంది. రెండును పదిసార్లు గుణిస్తే 1024 అవుతుంది కనుక పది చాలు. అయితే ఒక షరతు ఉంది. ఒక్కో మార్పు చిన్నదై, దానికదే నడిచేదై ఉండాలి. వారం పని అంతా ఒకే మూటగా కట్టి పడేస్తే, ఆ మూటలో ఏ ముక్క తప్పో మళ్లీ కళ్లతో వెతుక్కోవలసిందే.

మూడో పద్ధతి: పైకి చెప్పి చూడటం

ఆండ్రూ హంట్, డేవిడ్ థామస్ 1999లో రాసిన "ది ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్" పుస్తకం ద్వారా ఒక రబ్బరు బాతు ప్రసిద్ధికెక్కింది. తప్పు దొరకనప్పుడు, బల్ల మీద పెట్టుకున్న బాతుబొమ్మకు కోడును ఒక్కో వరుసా విడమరచి చెప్పాలి. చాలాసార్లు చెబుతుండగానే తప్పు బయటపడుతుంది.

ఇది హాస్యంలా ఉన్నా వెనుక కారణం ఉంది. మిషెలిన్ చి బృందం 1989లో భౌతికశాస్త్ర విద్యార్థులను గమనించింది. పరిష్కరించి చూపిన లెక్కలను చదివేటప్పుడు, ప్రతి మెట్టునూ తమకు తాము ఎక్కువగా వివరించుకున్నవారే తర్వాత సమస్యలను బాగా సాధించారు. మౌనంగా చదివేటప్పుడు కన్ను ఖాళీలను దాటిపోతుంది, "ఇది అర్థమైందిలే" అని మనసు సర్దిచెప్పుకుంటుంది. పైకి చెప్పేటప్పుడు ఆ సర్దుబాటు కుదరదు. "ఇక్కడ వంద కంటే తక్కువ అయితే..." అని నోరు పలికినప్పుడు, "మరి సరిగ్గా వందైతే?" అని చెవి అడుగుతుంది. చెప్పే భాష తెలుగైనా, ఇంగ్లీషైనా, రెండూ కలిసినా పరవాలేదు. ఆలోచన ఏ భాషలో తేలికగా సాగితే ఆ భాషే మంచిది.

బాతు స్థానంలో మనిషి ఉంటే మరింత మేలు. ఐబీఎంలో పనిచేసిన మైకేల్ ఫాగన్ 1976లోనే, ఒకరి కోడును కొందరు కలిసి క్రమపద్ధతిలో పరిశీలించే విధానాన్ని వివరించారు. నేటి కోడ్ రివ్యూలకు మూలం అదే. ఇక్కడా వర్కింగ్ మెమరీ పరిమితి వర్తిస్తుంది. యాభై వరుసల మార్పును శ్రద్ధగా చూసే స్నేహితుడే రెండు వేల వరుసల మార్పును పైపైన చూసి "బాగుంది" అంటాడు. చిన్న అడుగులు మీకే కాదు, మీ పని చూసేవారికీ మేలు చేస్తాయి.

నాలుగో పద్ధతి: సమయానికి గట్లు వేయడం

ఇటలీకి చెందిన ఫ్రాన్సెస్కో సిరిల్లో 1980ల చివర్లో, విద్యార్థిగా ఉన్నప్పుడు, టమాటా ఆకారంలో ఉన్న వంటగది గడియారాన్ని పెట్టుకుని చదవడం మొదలుపెట్టారు. ఇటాలియన్‌లో పొమొడోరో అంటే టమాటా. 25 నిమిషాలు ఒకే పని, తర్వాత చిన్న విరామం, అలా నాలుగు విడతలయ్యాక పెద్ద విరామం. ఇదే పొమొడోరో పద్ధతి.

25 అనే అంకెలో మహత్యం ఏమీ లేదు. మొదలుపెట్టడానికి మనసు మొరాయించే పనికి అది బాగా పనికొస్తుంది. "పూర్తిచేయాలి" అనే బరువు పోయి "గంట మోగేదాకా కూర్చుంటే చాలు" అనిపిస్తుంది. కానీ క్లిష్టమైన నమూనాను తలలో కట్టుకున్న వేళ, గంట మోగిందని లేవడం మనకు మనమే అంతరాయం కలిగించుకోవడం అవుతుంది. అలాంటి పనికి గంటన్నరో, రెండు గంటలో ఒకే గట్టు మేలు.

ఒంటరిగా గట్టు వేసుకుంటే సరిపోదు, చుట్టుపక్కలవారికి అది కనబడాలి. 2017లో మనువేలా జ్యూగర్ బృందం ఫ్లోలైట్ అనే చిన్న దీపాన్ని 12 దేశాల్లో 449 మంది బల్లల మీద పెట్టి చూసింది. కీబోర్డు, మౌస్ కదలికలను బట్టి ఆ దీపం ట్రాఫిక్ లైటులా ఎర్రగానో, పచ్చగానో మారుతుంది. అంతరాయాలు 46 శాతం తగ్గినట్లు వారు నమోదు చేశారు. దీపం లేకపోయినా, "పదకొండు నుంచి ఒంటి గంట దాకా అత్యవసరమైతేనే పిలవండి" అని జట్టంతా ఒప్పందం చేసుకోవచ్చు. జట్టులో కొత్తవారుంటే, వారి సందేహాలకు ఒక నిర్ణీత సమయం తప్పక ఉంచాలి. మన ఏకాగ్రత కోసం వారిని రోజంతా చీకట్లో నిలబెట్టకూడదు.

అయిదో పద్ధతి: నిద్రను పనిలో భాగంగా లెక్కించడం

భారతదేశంలో పనిచేసే డెవలపర్లకు ఒక ప్రత్యేక ఇబ్బంది ఉంది. మన గడియారం అమెరికా పశ్చిమ తీరంకంటే పన్నెండున్నర లేదా పదమూడున్నర గంటలు ముందుంటుంది. అక్కడ ఉదయం తొమ్మిదింటికి సమావేశమంటే ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నరో, పదిన్నరో. పగటి పని పగలే ఉంటుంది, సమావేశం రాత్రికి వస్తుంది. కోతపడేది నిద్రకే.

ఇందుకు మూల్యమెంత? డేవిడే ఫుచ్చి తదితరులు 45 మంది విద్యార్థులతో ప్రయోగం చేశారు. కొందరు మామూలుగా నిద్రపోయారు, మిగతావారు రాత్రంతా మేలుకున్నారు. మర్నాడు అందరికీ ఒకే ప్రోగ్రామింగ్ పని ఇచ్చారు. నిద్రలేనివారు రాసిన కోడు నాణ్యత సగానికి పడిపోయింది. ఆస్ట్రేలియాకు చెందిన ఆన్ విలియమ్సన్, న్యూజిలాండ్‌లో పనిచేసిన ఆన్-మేరీ ఫెయర్ 2000లో ప్రచురించిన పరిశోధనలో, 17 నుంచి 19 గంటలు మేలుకుని ఉన్నవారి పనితీరు కొన్ని పరీక్షల్లో, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారితో సమానంగానో, అంతకంటే హీనంగానో ఉంది. ఉదయం ఆరింటికి లేచిన మనిషికి రాత్రి పదకొండుకు 17 గంటలు నిండుతాయి. ఆ వేళలో బ్యాంకు లావాదేవీలు నడిపే కోడును మార్చడం ఎంత మంచిదో ఆలోచించండి.

రాత్రి సమావేశాన్ని తప్పించలేకపోతే రెండు పనులు చేయవచ్చు. మరునాటి ఉదయాన్ని ఆలస్యంగా మొదలుపెట్టేందుకు జట్టులో ముందే ఒప్పించుకోవడం, రాత్రి వేళ మాటలకే పరిమితమై ముఖ్యమైన మార్పులను పగటికి వదిలేయడం. సమావేశ సమయాన్ని వారం విడిచి వారం రెండు దేశాలూ పంచుకోవాలని అడగడం కూడా న్యాయమే.

ఆరో పద్ధతి: అంచనాకు పాత లెక్కే ఆధారం

రాత్రి కూర్చోవలసి రావడానికి మరో కారణం తప్పుడు అంచనాలు. డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లో దీనికి ప్రణాళికా భ్రమ అని పేరుపెట్టారు. 1994లో రోజర్ బ్యూలర్ బృందం, కెనడాలో సిద్ధాంత వ్యాసాలు రాస్తున్న విద్యార్థులను ఎప్పటికి ముగిస్తారని అడిగింది. వారి సగటు అంచనా సుమారు 34 రోజులు. నిజంగా పట్టింది సుమారు 55 రోజులు. మనసు రాబోయే పనిని సాఫీగా ఊహించుకుంటుంది. జ్వరం, కరెంటు కోత, అర్థంకాని పాత కోడు ఆ ఊహలో ఉండవు.

మందు సులభమే. "ఈ పనికి ఎన్ని రోజులు?" అనడిగితే ఊహను కాక, డైరీని చూడాలి. ఇలాంటి గత మూడు పనులకు నిజంగా ఎన్ని రోజులు పట్టాయి? ఆ అంకెనే చెప్పాలి.

ఆలస్యమయ్యాక మనుషులను చేర్చడం కూడా అన్నివేళలా ఆదుకోదు. ఐబీఎంలో భారీ ప్రాజెక్టును నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు మనుషులను కలిపితే అది ఇంకా ఆలస్యమవుతుందని రాశారు. అయిదుగురి జట్టులో ఇద్దరిద్దరి మధ్య మాట్లాడుకునే దారులు 10. పదిమంది అయితే అవి 45. జట్టు రెట్టింపైతే దారులు నాలుగున్నర రెట్లయ్యాయి. ప్రతి దారీ ఒక అంతరాయానికి అవకాశమే.

ఉత్పాదకతను దేనితో కొలవాలి?

ఇంతవరకు చెప్పుకున్న పద్ధతుల్లో ఏ ఒక్కటీ ఎక్కువ కోడు రాయించదు. ఇది గమనించదగ్గ విషయం. 1982లో ఆపిల్ సంస్థలో, ప్రతివారం ఎన్ని వరుసల కోడు రాశారో పత్రంలో నింపమన్నారు. బిల్ అట్కిన్సన్ ఆ వారం ఒక ముఖ్యభాగాన్ని మరింత సరళంగా తిరగరాసి, వేగం పెంచి, సుమారు రెండు వేల వరుసలు తగ్గించారు. ఆ గడిలో ఆయన "మైనస్ 2000" అని రాశారు. కొన్ని వారాలకు ఆయనను ఆ పత్రం అడగడం మానేశారని, సహోద్యోగి ఆండీ హెర్ట్జ్‌ఫెల్డ్ రాశారు.

మన అనుభూతి కూడా నమ్మదగ్గ కొలత కాదు. కృత్రిమ మేధ సాధనాల విషయంలో ఇది స్పష్టంగా కనబడింది. 2023లో వెల్లడైన ఒక ప్రయోగంలో, కొత్తగా ఒక చిన్న సర్వరు రాయమంటే కోపైలట్ సాధనం ఉన్నవారు 55.8 శాతం వేగంగా ముగించారు. 2025లో మీటర్ అనే పరిశోధనా సంస్థ 16 మంది అనుభవజ్ఞులకు, తమకు బాగా తెలిసిన పెద్ద ప్రాజెక్టుల్లో 246 పనులు ఇచ్చింది. అప్పటి సాధనాలతో వారికి 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. అయినా పని ముగించాక, తాము 20 శాతం వేగంగా చేశామనే వారు అనుకున్నారు. సాధనం మంచిదా, చెడ్డదా అన్నది ఏ పని, ఎవరి చేతిలో అన్నదానిపై ఆధారపడుతుంది. కొలిచి చూసుకోవలసిందే.

ఒక వారం ప్రయోగం

చదివిన పద్ధతులన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏదీ నిలవదు. ఈ క్రమంలో ప్రయత్నించండి.

1. మొదటి రెండు రోజులు ఏమీ మార్చకండి. అంతరాయం వచ్చిన ప్రతిసారీ ఒక కాగితం మీద గీత గీయండి. వేరేవారు పిలిస్తే నిలువు గీత, మీకు మీరే ఫోను తీస్తే అడ్డగీత.

2. మూడో రోజు నుంచి, లేచిన ప్రతిసారీ "తేలింది, అనుమానం, తర్వాతి అడుగు" అనే మూడు సంగతులు రాసి లేవండి.

3. నాలుగో రోజు నుంచి, మీరు చురుకుగా ఉండే వేళలో గంటన్నర గట్టు వేసుకోండి. ఆ వేళను జట్టుకు ముందే చెప్పండి.

4. ప్రతిరోజూ ఒక పనికి ముందుగా అంచనా రాసి, నిజంగా పట్టిన సమయాన్ని పక్కన వేయండి.

5. వారం చివర గీతలు లెక్కపెట్టండి. అడ్డగీతలు ఎక్కువుంటే మందు మీ చేతిలోనే ఉంది. నిలువు గీతలు ఎక్కువుంటే ఆ కాగితాన్ని జట్టు సమావేశంలో బల్ల మీద పెట్టండి.

చివరి అంశం ముఖ్యమైనది. అంతరాయాల్లో చాలా భాగం ఒక్క మనిషి క్రమశిక్షణతో తగ్గేవి కావు. సమావేశాలు ఎప్పుడు పెట్టాలి, ఎంత గడువు ఇవ్వాలి, రాత్రి ఎవరు మేలుకోవాలి అన్నవి సంస్థ నిర్ణయాలు. "నాకు ఏకాగ్రత కుదరడం లేదు" అంటే అది మనిషి మీద ఫిర్యాదు అవుతుంది. "నిన్న మధ్యాహ్నం రెండు గంటల్లో పదకొండు పిలుపులు వచ్చాయి" అంటే అది జట్టంతా కలిసి పరిష్కరించగల లెక్క అవుతుంది.